ఉలవలు ఎవరు పెట్టిన్రు

జులై 2

శ్రీపతి గుర్రాన్ని తెచ్చిండు.

పొద్దున పాలు కాగబెడుతుంటే గేటు ముందట ట్రాలీ ఆటో ఆగింది. వాని టెంట్ హౌస్ సామానేమో, షెడ్డుల పెట్టుకుంటడేమో అనుకున్న. బయటికొచ్చి చూస్తే వెనక గుర్రం. తెల్లది అని ఇప్పుడు రాస్తున్న గాని, పొద్దున చూసినప్పుడు రంగేందో తెలువలే. ఒళ్ళంత ఎండిన పేడ. పుండ్ల మీద ఈగలు. పక్కటెముకలు బయటికి పొడుచుకొచ్చినయ్, నడుము దగ్గర బొక్కల మీద తోలు ఆరేసినట్టున్నది. దింపుతుంటే కాళ్ళు గడగడ వణికినయ్.

"స్టేషన్ వెనక గోడకు ఆనుకొని నిలబడ్డదక్కా. ఎవడో పెండ్లిళ్ళకు తిప్పి తిప్పి వదిలేసి పోయిండు. చూడలేకపోయిన," అన్నడు. కండ్లల్ల నీళ్ళు తిరిగినయ్ వానికి.

అమ్మ పోయినప్పుడు శ్రీపతి ఇంకా బడికి గూడ పోలే. నా చేతుల పెరిగినోడు. వాని మనసు నాకు తెలువదా.

నాన్న అంబాసిడర్ పెట్టుకున్న షెడ్డు ఖాళీగనే ఉన్నది. ఏప్రిల్‌ల బడి నుంచి రిటైరైన సంది నేను గూడ ఖాళీగనే ఉన్న. ఉండనీ అన్న.

ట్రాలీ ఆటాయన ఫోన్‌ల వీడియో తీసిండు. దానికోసం శ్రీపతి గుర్రం మెడ మీద చెయ్యేస్తే అది వెనక్కి జరిగి గోడకు తగిలింది. మనుషులంటే ఎంత బెదిరిపోయిందో పాపం.

జులై 3

డాక్టరమ్మ వచ్చింది. పేరు మనస్విని. మూగజీవాలను చూసుకునే సంస్థోళ్ళు పంపిన్రు. కాలేజీ పిల్ల లెక్కనే ఉన్నది, నాకు నమ్మకం కుదరలేదు. కాని గుర్రం నోరు తెరిచి పండ్లు చూసే తీరు, కడుపుకు చెవి ఆనిచ్చి వినే తీరు చూసి నోరు మూసుకున్న.

"మేడం, దీనికి కడుపునిండ పెట్టొద్దు."

"ఆకలితోని సచ్చేటట్టున్నది గదమ్మా?"

"అందుకే. చాన రోజులు ఎండిన ఒంటికి ఒక్కసారే తిండి పడితే గుండె ఆగిపోతది. పచ్చగడ్డి కొంచెం కొంచెం, రోజంతా. దాణా వద్దు. ఉలవలు, శనగలు అసలే వద్దు, నేను చెప్పేదాక."

గిట్టలు చూపిచ్చింది. నడవక పెరిగి చెప్పుల కొనలెక్క వంకర తిరిగినయ్. "ఇది రోడ్డు మీద తిరిగిన గుర్రం కాదు మేడం. ఎక్కడో ఇరుకు తావుల కట్టేసి ఉంచిన్రు," అన్నది.

శ్రీపతి అప్పుడు గేటు దగ్గర ఫోన్ మాట్లాడుతుండె. వానికి తర్వాత చెప్దామనుకున్న.

ఏ పాపాత్ముడో. దొరకాలె వాడు.

జులై 4

గుప్పెడు గుప్పెడు పెట్టిన. తిన్నది. నీళ్ళు తాగింది. పేడ వేసింది. పేడ చూసి ఇంత సంబురపడేదాన్ని అవుతననుకోలే.

జులై 6

గేటు అవతల ఒకడు నిలబడ్డడు.

నడీడు మనిషి. మెడల తువ్వాల, కాళ్ళకు రబ్బరు చెప్పులు. గేటు సందులకెల్లి షెడ్డు దిక్కు చూస్తున్నడు. ఏం కావాలె అన్న. "ఏం లేదమ్మా," అని పోయిండు. ఏం కావద్దనోడు అంతసేపు ఎందుకు నిలబడాలె?

సాయంత్రం శ్రీపతికి చెప్తే మొఖం మారింది. "తువ్వాలేసుకున్నడా? వాడు మొగులయ్య అక్కా. నాంపల్లిల పెండ్లి గుర్రాలు తిప్పుతుంటడు. నాకు తెలిసి ఈ గుర్రం వానిదే. సంపుకతిని ఇప్పుడు మళ్ళ ఎత్తుకపోదామని చూస్తున్నడు. లోపలికి రానియ్యకు. మాటలు అసలే పెట్టుకోకు."

నేను అనుకున్నదే అయింది. ముప్పై ఏండ్లు పాఠాలు చెప్పిన. పరీక్షల చిట్టీ ఏ పిల్ల దగ్గర ఉన్నదో మొఖం చూసి చెప్పేదాన్ని. స్టాఫ్ రూంల నన్ను వెనకనుంచి అనుమానం టీచర్ అంటుండిరి. అననీ. ఒక్కసారన్న తప్పు పట్టిన్నా?

జులై 7

గేటుకు కొత్త తాళం వేసిన. రెండు చెవులు. ఒకటి నాకు, ఒకటి శ్రీపతికి.

జులై 9

పుండ్లకు మందు పూస్తే ఇయ్యాల తొలిసారి కదలకుండ నిలబడ్డది. నా మోచేతి మీద ముక్కు ఆనిచ్చి గాలి ఊదింది. వెచ్చగ ఉన్నది.

మొగులయ్య మళ్ళొచ్చిండు. ఈసారి గేటు అవతల నుంచి నాలుకతోని టక్ టక్ మని చప్పుడు చేసిండు. గుర్రం చెవులు రెండు అటు తిరిగినయ్. తల ఎత్తింది. నాలుగు అడుగులు గేటు దిక్కు వేసింది గూడ, నా దగ్గర అంత కష్టపడి ఒక్క అడుగు వేసే గుర్రం!

"చాందినీ," అన్నడు మెల్లగ.

ఉరికిచ్చిన వాణ్ణి. ఎట్ల అలవాటు చేసిండో చూడు, పిలిస్తే వచ్చేటట్టు. తాళం పడగొట్టి ఇట్లనే పిలుచుకపోతడు ఒకరోజు.

జులై 11

యాదవ్వ మా ఇంట్ల గిన్నెలు తోమబట్టి ఎన్నేండ్లయిందో. నోటికి అడ్డం లేదు. ఇయ్యాల వాకిలి ఊడుస్తూ ఊడుస్తూ అంటది గదా, "అమ్మా, మీ తమ్ముడొస్తెనే గుర్రం గోడకు నక్కుతున్నది. మీరు చూసిన్రా?"

"మగమనుషులంటే దానికి భయం," అన్న.

"మరి గా తువ్వాలాయనను చూస్తె ముందుకు పోవట్టె?"

ఆయన తువ్వాల వేసుకుంటడని దీనికెట్ల తెలుసు? నేను లేనప్పుడు వాడు వస్తున్నడా? ఇది మాట్లాడుతున్నదా వానితోని?

జులై 13

మొగులయ్య నన్ను చూసి గూడ పోకుండ గేటు పట్టుకొనే నిలబడ్డడు ఇయ్యాల.

"అమ్మా, ఒక్క మాట. దానికి ఉలవలు పెడుతున్నరా?"

"నీకెందుకు?"

"గుగ్గిళ్ళంటే పాణం దానికి. ఉడకబెట్టి..."

అంతల శ్రీపతి బండి దిగిండు. శ్రీపతిని చూడంగనే మొగులయ్య మాట నోట్లనే ఆగింది. తలకాయ దించుకొని గౌలిగూడ దిక్కు నడిచిండు. తప్పు చెయ్యనోడు అట్ల ఎందుకు పోతడు?

"ఏమంటుండు?" అని శ్రీపతి. "ఉలవలు పెట్టాల్నంట," అన్న. శ్రీపతి షెడ్డు దిక్కు నడిచిండు. గుర్రాన్ని చూసుకుంట చానసేపు నిలబడ్డడు. "ఇంకా బొక్కలే కనబడుతున్నయక్కా," అన్నడు.

జులై 14

రాయబుద్ధి కావట్లే. అయినా రాస్త.

పుండ్ల మందు అయిపోయిందని మధ్యాహ్నం కోఠికి పోయిన. తిరిగొచ్చేసరికి గుర్రం కింద పడి ఉన్నది. కాళ్ళు కొట్టుకుంటున్నది, కడుపు దిక్కు తల తిప్పి తిప్పి చూసుకుంటున్నది, ఒళ్ళంత చెమట. దాని ముందట పాత టబ్బు. టబ్బుల అడుగున ఉడికిన ఉలవలు. సగం తిన్నది.

మనస్విని బండి మీద ఎట్ల వచ్చిందో వచ్చింది. ముక్కుల పైపు వేసింది, సూదులిచ్చింది. నేను తల ఒళ్ళె పెట్టుకొని కూసున్న. "లేపి నడిపియ్యాలె మేడం, పడుకోనియ్యొద్దు," అంటే నేను, యాదవ్వ, ఆ పిల్ల ముగ్గురం కలిసి లేపినం. వాకిట్ల తిప్పినం, తిప్పినం. దీపాలు పెట్టే యాళ్ళకు నొప్పి ఆగింది.

"ఎవరు పెట్టిన్రు మేడం? మొత్తం తింటె పోయేది," అన్నది మనస్విని.

ఎవరు పెట్టిన్రో నాకు తెలుసు. నిన్ననే వాని నోట ఉలవలు అని విన్న.

జులై 15

ఠాణాకు పోయిన. శ్రీపతి తోడొచ్చిండు. నా కంటె ముందు వాడే అన్ని చెప్పిండు. గుర్రం మొగులయ్యదని, ఆకలికి మాడ్చిండని, కేసైతదని భయపడి సంపనీకి చూసిండని. ఎంత మంచిగ చెప్పిండో. నేను సంతకం పెట్టిన.

జులై 16

మొగులయ్యను పిలిపిచ్చిన్రంట. మంచిగైంది.

జులై 17

తాళం పగలలేదు.

నిన్నటి సంది ఇదే తిరుగుతున్నది తలకాయల. గోడ దుంకిండేమో. ఉడికిన ఉలవల గిన్నె పట్టుకొని దుంకిండా? నేను బయటికి పోయినప్పుడు యాదవ్వ ఇంట్ల ఉండె. అదే తీసిందేమో. వంటింటి మొలకు వేలాడే తాళంచెవి ఆరోజు నేను పట్టుకపోయిన్నా, మరిచిపోయిన్నా గుర్తు లేదు.

అడిగిన. "గేటు తీసినవా?"

"నేను మిద్దెమీద బట్టలారేస్తున్ననమ్మా. తీసిన చప్పుడైతె అయింది. మీరొచ్చిన్రనుకున్న."

"అబద్ధం."

యాదవ్వ నా దిక్కు చూసింది. చీపురు గోడకు ఆనిచ్చింది, కొంగు దులుపుకున్నది, పోయింది. రేపటి సంది రావద్దని నేను చెప్పాల్సిన పని గూడ లేకుండ పోయింది.

అదే తీసింది. ఇంకెవరున్నరు?

జులై 18

గిన్నెలు నేనే తోముకున్న.

జులై 19

పొద్దున్నుంచి వాన. షెడ్డు రేకులు కారుతున్నయ్. గుర్రం ఒక మూలకు నక్కి తడుస్తున్నది. శ్రీపతికి ఫోన్ చేస్తే ఎత్తలేదు. బోనాల పందిళ్ళ పనిల ఉన్నడేమో. టార్పాలిన్ తెచ్చుకుందామని ఆటో ఎక్కి నాంపల్లిల వాని గోడౌనుకు పోయిన.

ఎల్లేష్ ఉన్నడు అక్కడ. పందిళ్ళు వేసే మనిషి, చాన ఏండ్ల సంది శ్రీపతి దగ్గరనే. టార్పాలిన్ వెనక రూంల ఉన్నదని చెప్పి, చెప్పినంక నాలుక కరుచుకున్నడు. "నేను తెస్త, మీరు కూసోండి," అన్నడు. ఆ తొందర చూసి నేనే ముందు నడిచిన.

చిన్న రూం. ఒక కిటికీ. కుర్చీలు, తివాచీలు ఒక పక్కకు పేర్చిన్రు, కొత్తగ కడిగిన వాసన. తలుపు లోపలి దిక్కు చూసిన. కట్టె తలుపు. నా ఛాతీ ఎత్తు దాక కొరికి ఉన్నది. కొరికి కొరికి మధ్యల పలక సన్నగైంది. గోడకు కొట్టిన ఇనుప కడియానికి తాడు ముక్క. తాడుకు తెల్ల వెంట్రుకలు.

"ఎల్లేష్, ఏంది ఇది?"

వాడు కింద చూసుకుంట చెప్పిండు. "గుర్రాన్ని గీడనే కట్టేసేటిదమ్మా. సేటుదే గుర్రం. పెండ్లిళ్ళకని కొన్నడు. మొగులయ్య చూసుకుంటుండె. ఎండాకాలమంత మూఢాలొచ్చినయ్, పెండ్లిళ్ళు లెవ్వు. మొగులయ్యను ఊరికి పొమ్మన్నడు సేటు. తాళం నా దగ్గర లేకుండె. నేను కిటికీలకెల్లి నీళ్ళు పోసిన. అప్పుడప్పుడు గడ్డి."

"ఎవరికన్న చెప్పకపోతివి?"

"ఎవరికి చెప్పాలమ్మా?"

టార్పాలిన్ భుజాన వేసుకొని వచ్చిన. ఆటోల నేను తడిసిన్నో లేదో తెలువదు.

జులై 20

వాన తగ్గింది. టార్పాలిన్ కట్టిన. గుర్రానికి గడ్డి వేసిన.

ఎల్లేష్‌కు శ్రీపతి మీద ఏదో కోపం ఉండొచ్చు. జీతం దగ్గరనో, ఇంకేదన్ననో. మాట కల్పించొచ్చు.

తలుపు కల్పించలేడు.

జులై 21

శ్రీపతి వచ్చిండు. బోనాల ప్రసాదం తెచ్చిండు. వాడు గేటు తాళం తీస్తుంటే, ఆ చెవి వాని చేతుల ఎంత అలవాటుగ తిరిగిందో చూసిన. గుర్రం గోడకు జరిగింది.

"గుర్రం నీదేనా?"

"ఏం గుర్రం?"

"శ్రీపతీ."

ప్రసాదం డబ్బా మెట్టు మీద పెట్టిండు.

"రోజు నేనే గడ్డి వేస్త అనుకున్ననక్కా. నిజంగనే అనుకున్న. ఒక రోజు పోలే. మళ్ళ రెండు రోజులు పోలే. తర్వాత ఆ తలుపు తియ్యాల్నంటెనే భయమైంది. లోపల ఎట్లున్నదో ఏమో అని. ఇయ్యాల కాదు, రేపు తీస్త అని... రేపటికి ఇంకింత భయం."

"చప్పుడు వినబడలేదా?"

"వినబడ్డది."

"మరి ఎట్ల తీసినవు?"

"చప్పుడు ఆగిపోయింది. అప్పుడు తీసిన."

నేను మెట్టు మీద కూసున్న. వాడు నా కాళ్ళ దగ్గర కూసున్నడు, చిన్నప్పుడు తిట్లు పడ్డప్పుడు కూసున్నట్టు.

"ఉలవలు?"

"నేనే పెట్టిన. ఒక్కపూటన్న కడుపునిండ తిననియ్యి అని. ఆ బొక్కలు చూడలేకపోయినక్కా."

"డాక్టరమ్మ వద్దన్నది."

"నాకెవ్వరు చెప్పలే. నువ్వు చెప్పినవా?"

చెప్పిన్నా? గుర్తు చేసుకుంటున్న, దొరుకుతలేదు. ఆరోజు ఫోన్ మాట్లాడుతుండె. అంత దూరానికి ఆ పిల్ల మాట వినబడ్డదా? వినబడితే? నేను ఇంట్ల లేని యాళ్ళ చూసుకొని ఎందుకొచ్చినట్టు? అడిగిన. మెట్టు మీది డబ్బా నా దిక్కు జరిపిండు.

"సరే, జాలి పడే పెట్టినవు. మొగులయ్యను ఠాణాల పట్టిచ్చినవు గద. అది గూడ చూడలేకనేనా?"

గేటు తాళంచెవి ఇటియ్యన్న. మెట్టు మీద పెట్టి లేచి పోయిండు. పోయేటప్పుడు అన్నడు, "నువ్వు ఊకుంటె ఇది గింతతోని పోతదక్కా."

ప్రసాదం తినబుద్ధి కాలే. గుర్రానికీ పెట్టబుద్ధి కాలే. యాదవ్వ ఉంటే దానికిస్తుంటి.

జులై 22

ఠాణాకు ఒక్కదాన్నే పోయిన.

నేను రాసిచ్చింది తప్పని చెప్పిన. గోడౌను సంగతి, తలుపు సంగతి, ఉలవల సంగతి చెప్పిన. రాసుకునే ఆయన పెన్ను ఆపి, "సొంత తమ్ముడా మేడం?" అన్నడు. ఔ అన్న. "మంచిగ ఆలోచించుకోండ్రి," అన్నడు. ఇంకా ఆలోచిస్తే రాయలేనని నాకు తెలుసు. రాసుకోమన్న. సంతకం చేస్తుంటే అక్షరాలు నావి లెక్క లెవ్వు.

మొగులయ్య బయట బెంచీ మీద ఉన్నడు. రోజు పొద్దున పిలిపిచ్చి సాయంత్రం దాక కూసోబెడుతున్నరంట. నేను ఆయన పక్కన కూసున్న.

"నువ్వు నాకు ముందే ఎందుకు చెప్పలే?"

"చెప్దామనే వచ్చినమ్మా. ఊరి నుంచి వచ్చేసరికి గుర్రం లేదు. ట్రాలీ ఆటాయన ఫోన్‌ల పెట్టిన వీడియో చూసి మీ ఇల్లు ఎతుక్కుంట వచ్చిన. ఈమె ఎవరని చాయి హోటల్ల అడిగితె శ్రీపతి సేటు అక్క అన్నరు. ఇగ ఏమని చెప్పాలె?"

"అన్ని రోజులు ఊళ్ళె ఉంటివి. ఒక్క ఫోన్ చెయ్యకపోతివా?"

"చేసిన. మంచిగున్నది అన్నడు." తువ్వాలతోని మొఖం తుడుచుకొని, "నేను నమ్మిన. పోవద్దుండె," అన్నడు.

నిజమే చెప్తున్నడా? చెప్తున్నడనే అనిపిస్తున్నది. మొన్నటి దాక ఇంకోటి గూడ ఇంత గట్టిగనే అనిపిచ్చింది.

జులై 24

గౌలిగూడల యాదవ్వ ఇంటికి పోయిన. గల్లీలకు గల్లీలు, అడుగుకుంట అడుగుకుంట. ఇన్నేండ్లల్ల ఒక్కసారి పోలే.

గడపల నిలబడి, "నా మీద గూడ ఠాణాల చెప్పినవా అమ్మా?" అన్నది.

"లేదు. గేటు నువ్వు తియ్యలే. నాకు తెలిసింది."

"నాకు ఆరోజే తెలుసు."

కూసొమ్మని అనలేదు. నేనే కూసున్న. చాయి పెట్టిచ్చింది. రేపొస్తనని చెప్పలే, రానని గూడ చెప్పలే.

జులై 26

యాదవ్వ వచ్చింది. నాతోని మాట్లాడలే. గుర్రంతోని మస్తు మాట్లాడింది.

ఆగస్టు 3

మనస్విని వచ్చి, నానబెట్టి ఉడికిచ్చిన ఉలవలు ఒక గుప్పెడు పెట్టొచ్చు అన్నది. పొయ్యి మీద పెట్టి ఉడికిచ్చిన. అరచేతిల పెట్టి ముందుకు చాపలేకపోతే, మొగులయ్య నా చెయ్యి కింద నుంచి పట్టుకున్నడు. చాందినీ పెదవులతోని మెత్తగ ఏరుకొని తిన్నది. నేను సాయంత్రం దాక దాని కడుపే చూసుకుంట కూసున్న. ఏం కాలే.

ఠాణాకు పిలుచుడు ఆగిన సంది మొగులయ్య పొద్దున, సాయంత్రం వస్తున్నడు. గిట్టలు కోయించిండు. ఒళ్ళు రుద్దుతడు. కొత్త వెంట్రుకలొస్తున్నయ్, చెయ్యి పెడితే జారుతున్నది. ఆయన వచ్చినప్పుడల్ల నేను కిటికీ దగ్గర నిలబడి చూస్త. టబ్బుల ఏం కలుపుతున్నడా అని. ఆయనకు తెలుసు. తెలిసే, కలిపేముందు టబ్బు కిటికీ దిక్కు వంచి చూపిస్తడు.

ఆగస్టు 10

శ్రావణం రాంగనే పెండ్లిళ్ళు మొదలైనయ్. ఇయ్యాల మెయిన్ రోడ్డు మీద బరాత్ పోయింది. బ్యాండు చప్పుడుకు చాందినీ వాకిట్ల గుండ్రంగ తిరుగుడు పెట్టింది. చెమట్లు పట్టినయ్. మొగులయ్య మెడ పట్టుకొని చప్పుడు పోయేదాక దాని చెవుల ఏందో చెప్పుకుంట నిలబడ్డడు.

"ఇగ దీన్ని బరాత్‌ల తిప్పేది లేదు," అన్న.

"ఔనమ్మా," అన్నడు. ఆయనకు ఆ పని తప్ప వేరే రాదు. అయినా ఔనన్నడు. కేసు తేలినంక చేవెళ్ళ దిక్కు ఉన్న వాళ్ళ సంస్థ తావుకు తీసుకపోతమని మనస్విని అంటున్నది, చూసుకోనీకి మనిషి గూడ కావాల్నంట. మొగులయ్య పేరు చెప్పిన.

ఆగస్టు 14

శ్రీపతి వకీలు ఫోన్ చేసిండు. కేసు వెనక్కి తీసుకోవాల్నంట. ఇంటి పరువంట. తీసుకోనన్న. ఫోన్ పెట్టినంక ఏడ్చిన. అందరి మీద వచ్చిన అనుమానం ఒక్కని మీద రాలే. వచ్చి ఉంటే చాందినీకి ఆ ఉలవల పూట వచ్చేది కాదు.

ఆగస్టు 19

రాఖీ పున్నం.

తెల్లారి లేచి ఆబిడ్స్‌ల ఒక రాఖీ కొన్న. ఎందుకు కొన్ననో తెలువదు. ప్రతి ఏడు కొంట, కొన్న. దేవుని పటం ముందట పెట్టిన. రాడులే అనుకున్న.

పది దాటినంక వచ్చిండు. తాళంచెవి నేను తీసుకున్న గద, గేటు అవతలనే నిలబడ్డడు. గడ్డం పెరిగింది. షర్టు ఇస్త్రీ లేదు. వాకిట్ల మొగులయ్య చాందినీకి నీళ్ళు పోస్తున్నడు. శ్రీపతిని చూసి బకెట్ కింద పెట్టి గుర్రానికి, గేటుకు మధ్యల నిలబడ్డడు.

"అక్కా, తలుపు తియ్యి."

నేను గేటు దగ్గరికి పోయిన.

"సంపనీకి పెట్టలే అక్కా. నీ మీద ఒట్టు. నువ్వన్న నమ్ము."

వాని మొఖం చూసిన. ఎన్ని మొఖాలు చూసినదాన్ని, ఈ ఒక్కటి చదవరాలే. నమ్మాల్నని ఎంత ఉన్నదో నాకే తెలుసు. అంత ఉన్నది కాబట్టే నమ్ముడుకు భయమైతున్నది.

"చెయ్యి ఇటియ్యి," అన్న.

గేటు సందులకెల్లి చెయ్యి పెట్టిండు. రాఖీ కట్టిన. బొట్టు పెట్టనీకి వేళ్ళు అందలే, వాడే తల వంచి గేటు సువ్వలకు ఆనిచ్చిండు. పెట్టిన. స్వీటు నోట్లె పెట్టిన. నమలకుండ ఏడ్చిండు.

"తియ్యవా?"

"తియ్యను."

కొంచెంసేపు సువ్వలు పట్టుకొని నిలబడి, పోయిండు. గల్లీ మలుపు దాక చూసిన.

మొగులయ్య బకెట్ ఎత్తుకున్నడు. చాందినీ గోడ మూలకెల్లి మెల్లగ బయటికి వచ్చింది. గడ్డి వేసిన. తింటున్నది.